దూరం నుంచి ఆఫ్‌రోడ్ బండి నడపడానికి స్టీరియో సెటప్: లోతు సరిగ్గా కనపడాలంటే ఏం చేయాలి, ఏ వరసలో చేయాలి

ఒక్క కెమెరాతో దూరం నుంచి బండి నడపడం మామూలు రోడ్డు మీదైతే ఏదోలా లాగించేయొచ్చు, ఎందుకంటే రోడ్డు చదునుగా ఉంటుంది, గీతలుంటాయి, ఎదురొచ్చే కారు ఎంత సైజో మనకి ముందే తెలుసు. ఆఫ్‌రోడ్‌లో ఇవేవీ ఉండవు. ముందున్న బండరాయి దగ్గరున్న చిన్నదా దూరంగా ఉన్న పెద్దదా అన్నది ఒక్క ఫ్లాట్ బొమ్మలో తేల్చుకోవడం చాలా కష్టం, ఇక గడ్డి మధ్యలో ఉన్న గొయ్యి అయితే చక్రం దిగేదాకా తెలీదు. రెండు కళ్ళకీ కాస్త తేడా ఉన్న రెండు బొమ్మలు చూపిస్తే మెదడు వాటిని కలిపి లోతుగా చూస్తుందని ఇంగ్లిష్ శాస్త్రవేత్త చార్లెస్ వీట్‌స్టోన్ 1838లోనే అద్దాల పరికరంతో చూపించాడు, ఇప్పటి వీఆర్ హెడ్‌సెట్‌లు చేసేదీ అదే పని, దీన్నే స్టీరియో అంటారు.

చాలామంది ఈ పనిని మంచి హెడ్‌సెట్ కొనడంతో మొదలుపెడతారు. అది చివర్లో చూసుకోవచ్చు. మీ బండికి ఎన్ని మీటర్ల దగ్గర లోతు తెలియాలి అన్న ప్రశ్నతో మొదలుపెట్టండి, దానికి జవాబు దొరికితే లెన్స్, కెమెరాల మధ్య దూరం, స్క్రీన్, స్పీడ్ అన్నీ దాన్ని పట్టుకుని వచ్చేస్తాయి.

స్టెప్ 1: నిర్ణయం తీసుకునే దూరం లెక్కేసుకోండి

గంటకి 15 కిలోమీటర్ల స్పీడ్ అంటే సెకనుకి దాదాపు 4.2 మీటర్లు. కెమెరా ముందు జరిగింది మీ స్క్రీన్ మీదకి వచ్చి, మీ కమాండ్ తిరిగి బండికి చేరడానికి మొత్తం 250 మిల్లీసెకన్లు పడుతుందనుకుందాం, ఆ టైమ్‌లోనే బండి మీటరు దాటేస్తుంది. మీరు చూసి రియాక్ట్ అవ్వడానికి ఒక సెకను, అంటే ఇంకో 4 మీటర్లు. వదులు మట్టిలో బ్రేక్ వేస్తే ఆగడానికి ఇంకో 2 మీటర్ల పైనే. మొత్తం ఏడున్నర, కాస్త మార్జిన్ కలిపితే 10 మీటర్లు. అంటే ఈ స్పీడ్‌లో 10 మీటర్ల దగ్గర రాయికీ నేలకీ తేడా స్పష్టంగా తెలియాలి. అదే గంటకి 4 కిలోమీటర్లతో రాళ్ళ మీద పాక్కుంటూ వెళ్ళే బండి అయితే 2 నుంచి 4 మీటర్లు బాగా కనపడితే చాలు. ఈ రెండు బండ్లకీ ఒకే కెమెరా సెటప్ సరిపోదు.

డిలే ఎక్కువైతే స్టీరియో ఎంత బాగున్నా స్పీడ్ తగ్గించక తప్పదు. 1970లో చంద్రుడి మీద దిగిన సోవియట్ రోవర్ లూనోఖోద్ 1ని భూమ్మీద నుంచి నడిపినప్పుడు సిగ్నల్ వెళ్ళి రావడానికే రెండున్నర సెకన్లు పట్టేది, పైగా వచ్చేది వీడియో కాదు, కొన్ని సెకన్లకోసారి ఒక బొమ్మ. కెమెరాలు కిందకి ఉండటం డ్రైవర్లకి ఇబ్బందైంది, అందుకే 1973లో వెళ్ళిన లూనోఖోద్ 2కి ఎత్తులో ఇంకో కెమెరా పెట్టారు. ఎత్తు సంగతి మళ్ళీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

స్టెప్ 2: బేస్‌లైన్, లెన్స్ కలిపి తేల్చుకోండి

రెండు కెమెరాల మధ్య దూరాన్ని బేస్‌లైన్ అంటారు. ఒక వస్తువు ఎడమ బొమ్మలో, కుడి బొమ్మలో ఎన్ని పిక్సెళ్ళ తేడాతో పడుతుందో అది డిస్‌పారిటీ. లెక్క సింపుల్: పిక్సెళ్ళలో ఫోకల్ లెంగ్త్‌ని బేస్‌లైన్‌తో గుణించి దూరంతో భాగిస్తే డిస్‌పారిటీ వస్తుంది. కంటికి 1280 పిక్సెళ్ళ వెడల్పు, 90 డిగ్రీల లెన్స్ అయితే ఫోకల్ లెంగ్త్ 640 పిక్సెళ్ళు. పెద్దవాళ్ళ కళ్ళ మధ్య దూరం సగటున 63 మిల్లీమీటర్లు, కెమెరాలు కూడా దాదాపు అంతే, 65 మిల్లీమీటర్ల దూరంలో పెట్టామనుకోండి. 2 మీటర్ల దగ్గర డిస్‌పారిటీ 21 పిక్సెళ్ళు, 5 మీటర్ల దగ్గర 8, 10 మీటర్ల దగ్గర 4, 20 మీటర్ల దగ్గర రెండే రెండు.

ఇంకోలా చెప్పాలంటే 5 మీటర్ల దగ్గర ఒక్క పిక్సెల్ విలువ (అంటే ఒక పిక్సెల్ తేడా పడితే దూరంలో వచ్చే తప్పు) 60 సెంటీమీటర్లు, 10 మీటర్ల దగ్గర దాదాపు రెండున్నర మీటర్లు, 20 దగ్గర దాదాపు 10 మీటర్లు. దూరం డబుల్ అయితే తప్పు నాలుగు రెట్లవుతుంది. మన కన్ను పిక్సెల్‌లో కొంత భాగాన్ని కూడా పట్టుకోగలదు కాబట్టి వాస్తవం దీనికన్నా కాస్త మెరుగే, కానీ దుమ్ము, కంప్రెషన్, కుదుపు కలిస్తే ఆ లాభం కాస్తా పోతుంది, అందుకని నేనైతే ఒక పిక్సెల్ లెక్కనే నమ్ముకుంటాను.

మరి బేస్‌లైన్ 20 సెంటీమీటర్లు చేస్తే? 10 మీటర్ల దగ్గర పిక్సెల్ విలువ 80 సెంటీమీటర్లకి పడిపోతుంది, ఇది చాలా పెద్ద లాభం. కానీ ఊరికే రాదు. అదే లెన్స్‌తో ఒక మీటరు దూరంలో ఉన్న బండి బానెట్ డిస్‌పారిటీ 128 పిక్సెళ్ళు, అంటే పదకొండు డిగ్రీలకి పైనే, దాన్ని ఏ కళ్ళూ ఒక్కటిగా కలపలేవు, రెండు బానెట్‌లు కనపడతాయి, పది నిమిషాల్లో తలనొప్పి. దగ్గరి వస్తువు దూరంలో ముప్పయ్యో వంతు మించి బేస్‌లైన్ పెట్టొద్దని స్టీరియో ఫోటోలు తీసేవాళ్ళ పాత సూత్రం ఒకటుంది. 65 మిల్లీమీటర్లకైతే దగ్గరి హద్దు 2 మీటర్లు, 20 సెంటీమీటర్లకి 6 మీటర్లు. స్క్రీన్ లెవెల్‌కి (రెండు బొమ్మలూ సరిగ్గా ఒకే చోట పడే దూరానికి) అటూ ఇటూ ఒక డిగ్రీ డిస్‌పారిటీ దాటొద్దన్న రూల్‌తో లెక్కేసినా, కెమెరా చూసే కోణంలోనే బొమ్మ చూపిస్తున్నంతవరకూ, దాదాపు ఇవే నంబర్లు వస్తాయి, కాబట్టి ధైర్యంగా వాడుకోవచ్చు.

బేస్‌లైన్ కళ్ళకన్నా ఎక్కువైతే ఇంకో విషయం కూడా జరుగుతుంది, లోకమంతా చిన్నదైపోయినట్టు కనపడుతుంది. 20 సెంటీమీటర్లంటే కళ్ళ దూరానికి మూడు రెట్లు, కాబట్టి 60 సెంటీమీటర్ల రాయి 20 సెంటీమీటర్ల రాయిలా, మూడో వంతు దూరంలో ఉన్నట్టు అనిపిస్తుంది. కొత్త ఆపరేటర్ దాన్ని చూసి ఎక్కించేయొచ్చులే అనుకుంటాడు. అందుకే ఫ్రేమ్‌లో ఎప్పుడూ బండి చక్రమో, బంపర్ కొసో, సైజు తెలిసినది ఏదో ఒకటి ఉండాలి, పోల్చుకోవడానికి.

రెండు దూరాలూ కావాలంటే రెండు జతలు పెట్టుకోవడమే మంచి దారి. 2004లో మార్స్ మీద దిగిన స్పిరిట్, ఆపర్చునిటీ రోవర్లలో సరిగ్గా ఇలాగే చేశారు: చక్రాల ముందు చూడ్డానికి వైడ్ లెన్స్‌తో 10 సెంటీమీటర్ల బేస్‌లైన్ ఉన్న జత, దారి చూడ్డానికి మాస్ట్ (నిలువు స్తంభం) మీద 45 డిగ్రీల లెన్స్‌తో 20 సెంటీమీటర్ల జత, ఇంకా దూరానికి 16 డిగ్రీల లెన్స్‌తో 30 సెంటీమీటర్ల జత. మనకి మూడు అక్కర్లేదు, దగ్గరికొకటి దారికొకటి చాలు, ఒక బటన్‌తో మార్చుకునేలా పెట్టుకోండి.

స్టెప్ 3: బిగించడం

కెమెరాలు రెండూ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. కళ్ళు దగ్గరి వస్తువు మీదకి లోపలికి తిరుగుతాయి కదా అని కెమెరాల్ని కూడా లోపలికి తిప్పేస్తుంటారు, దానివల్ల ఎడమ బొమ్మ ఒకవైపు, కుడి బొమ్మ ఇంకోవైపు ట్రెపీజియంలా సాగి, మూలల్లో పైకీ కిందకీ తేడా వస్తుంది. అడ్డంగా వచ్చే తేడాని మెదడు లోతుగా మారుస్తుంది, నిలువుగా వచ్చే తేడాకి మాత్రం కళ్ళు నొప్పెట్టడం తప్ప ఏమీ ఉండదు. సమాంతరంగా బిగించేసి, స్క్రీన్ లెవెల్ ఏ దూరంలో ఉండాలన్నది సాఫ్ట్‌వేర్‌లో బొమ్మల్ని పక్కకి జరిపి సెట్ చేసుకోండి. పైన చెప్పిన 65 మిల్లీమీటర్ల జతకి 4 మీటర్ల దగ్గర పెడితే 2 మీటర్ల నుంచి హొరైజన్ దాకా అన్నీ హాయిగా కలుస్తాయి.

రెండు కెమెరాల్నీ ఒకే మందపాటి అల్యూమినియం బార్‌కి బిగించి, ఆ బార్ మొత్తాన్ని కుదుపు పీల్చే రబ్బర్ డాంపర్ల మీద కూర్చోబెట్టండి. ఒక్కో కెమెరాకి విడిగా డాంపర్ పెడితే రెండూ రెండు రకాలుగా ఊగుతాయి, అక్కడితో స్టీరియో అయిపోయినట్టే.

ఇప్పుడు ఎత్తు. రాయి లాంటి పైకి ఉన్న అడ్డంకి దూరంతో పాటు మెల్లగా చిన్నదవుతుంది, గొయ్యి మాత్రం దూరం పెరిగేకొద్దీ చాలా వేగంగా మాయమైపోతుంది, దాదాపు దూరం వర్గానికి తగ్గట్టు. కెమెరా ఒక మీటరు ఎత్తులో ఉంటే, 10 మీటర్ల దూరంలో అర మీటరు ఎత్తున్న రాయి 32 పిక్సెళ్ళు ఆక్రమిస్తుంది. అదే దూరంలో అర మీటరు వెడల్పున్న గొయ్యి? మూడు పిక్సెళ్ళు. 5 మీటర్లకి వచ్చాక పన్నెండు. కెమెరాని 2 మీటర్ల ఎత్తుకి లేపితే గొయ్యి నంబర్లు రెట్టింపవుతాయి, కొత్త సెన్సర్ కొనడం కన్నా చిన్న మాస్ట్ వేయడం మేలు. మాస్ట్ ఊగకుండా చూసుకోవాలి, అంతే.

స్టెప్ 4: సింక్, ఎక్స్‌పోజర్ (దీనికి ఎక్కువ టైమ్ ఇవ్వండి)

అన్ని స్టెప్పుల్లోకీ ఎక్కువగా నిర్లక్ష్యం చేసేది ఇదే, ఎక్కువ దెబ్బ కొట్టేదీ ఇదే. రెండు యూఎస్‌బీ వెబ్‌క్యామ్‌లు పక్కపక్కన పెట్టి స్టీరియో అనుకుంటే, అవి దేనికది ఫ్రేమ్ తీసుకుంటూ పోతాయి, రెంటి మధ్య ఒక ఫ్రేమ్ దాకా తేడా రావచ్చు. 60 ఎఫ్‌పీఎస్‌లో (సెకనుకి 60 ఫ్రేములు) ఒక ఫ్రేమ్ అంటే 16.7 మిల్లీసెకన్లు. బండి సెకనుకి 30 డిగ్రీల చొప్పున తిరుగుతోందనుకోండి, మలుపులో ఇది మామూలే, ఆ 16.7 మిల్లీసెకన్లలో అర డిగ్రీ తిరిగిపోతుంది, మన లెన్స్‌లో అది దాదాపు 5.6 పిక్సెళ్ళు. 10 మీటర్ల దగ్గరి రాయికి అసలు డిస్‌పారిటీయే 4.2 పిక్సెళ్ళు! అంటే ఒకవైపు తిరిగితే ఆ రాయి 4 మీటర్ల దగ్గరికి దూకినట్టు కనపడుతుంది, రెండోవైపు తిరిగితే హొరైజన్ అవతలికి పోయి కళ్ళు బయటికి తిరగాల్సొస్తుంది. బండి ఆగి ఉన్నప్పుడు ఇదేదీ కనపడదు, టేబుల్ మీద టెస్ట్ చేసినప్పుడు అంతా అద్భుతంగా ఉంటుంది, రాళ్ళలోకి దిగాకే గోల మొదలు.

కాబట్టి హార్డ్‌వేర్ ట్రిగ్గర్ ఉన్న, ఫ్రేమ్ మొత్తాన్ని ఒకేసారి తీసే గ్లోబల్ షట్టర్ సెన్సర్లే తీసుకోండి. ఒకే పల్స్‌తో రెండూ ఒకేసారి ఫ్రేమ్ తీయాలి. లైను తర్వాత లైను తీసే రోలింగ్ షట్టర్ అయితే కుదుపుకి బొమ్మ జెల్లీలా వంగుతుంది. చెక్ చేయడం సులువు: వరసగా పెట్టిన ఎల్ఈడీల్ని మిల్లీసెకనుకొకటి చొప్పున వెలిగించి రెండు కెమెరాలతో ఒకే రికార్డింగ్‌లో తీసి, ఫ్రేమ్ ఆపి చూడండి, రెండు బొమ్మల్లోనూ అదే ఎల్ఈడీ వెలుగుతూ ఉండాలి.

ఎక్స్‌పోజర్, గెయిన్, వైట్ బ్యాలెన్స్ మూడూ రెండు కెమెరాలకీ ఒక్కటే ఉండాలి, ఆటోలో దేనికది వదిలేయొద్దు. ఒకటి లెక్కేసి రెండోదానికి కాపీ చేయాలి. ఒక కంటికి బొమ్మ చీకటిగా వెళ్తే ఆ కంటి సిగ్నల్ మెదడుకి కొంచెం ఆలస్యంగా చేరుతుంది, అప్పుడు కదిలే వస్తువులకి లేని లోతు పుట్టుకొస్తుంది, దీన్ని కార్ల్ పుల్‌ఫ్రిష్ 1922లో వివరించాడు, ఆయన పేరు మీదే పుల్‌ఫ్రిష్ ఎఫెక్ట్ అంటారు. చెట్ల కింద ఎండా నీడా మారుతూ ఉండే చోట ఇది బాగా ఇబ్బంది పెడుతుంది.

స్టెప్ 5: కాలిబ్రేషన్

చెకర్‌బోర్డ్ (నలుపు తెలుపు గళ్ళ బొమ్మ) గట్టి పలక మీద అంటించి, ఫ్రేమ్ మూలలన్నీ కవర్ అయ్యేలా, రకరకాల వంపుల్లో ఫోటోలు తీసి ఓపెన్‌సీవీ (బొమ్మల్ని ప్రాసెస్ చేసే ఉచిత సాఫ్ట్‌వేర్ లైబ్రరీ)లోని స్టీరియో కాలిబ్రేషన్‌కి ఇవ్వండి. రీప్రొజెక్షన్ ఎర్రర్ (గళ్ళ మూలలు లెక్క ప్రకారం పడాల్సిన చోటికీ బొమ్మలో పడ్డ చోటికీ తేడా) అర పిక్సెల్ లోపు రావాలి. తర్వాత రెక్టిఫై చేసిన (వరసలు కలిసేలా సరిచేసిన) రెండు బొమ్మల్నీ పక్కపక్కన పెట్టి వాటి మీదుగా అడ్డ గీతలు గీయండి, ఎడమ బొమ్మలో గీత మీదున్న రాయి అంచు కుడి బొమ్మలోనూ అదే గీత మీద ఉండాలి. ఈ గీతల చెక్ మాత్రం ఫీల్డ్‌కి వెళ్ళిన ప్రతిసారీ చేయండి, కుదుపులకి స్క్రూలు వదులవుతాయి, ఎండకి బార్ సాగుతుంది.

స్టెప్ 6: వీడియో పంపడం

రెండు కళ్ళ బొమ్మల్నీ రెండు వేరే స్ట్రీములుగా పంపకండి, నెట్‌వర్క్‌లో ఒకటి ముందు ఒకటి వెనక అయిపోతాయి, స్టెప్ 4లో పడ్డ కష్టమంతా వృథా. పక్కపక్కన పెట్టి ఒకే ఫ్రేమ్‌గా ఎన్‌కోడ్ చేయండి, రావడమూ పోవడమూ రెండూ కలిసే జరుగుతాయి. వీడియో కంప్రెషన్ హెచ్.264 అయినా హెచ్.265 అయినా బీ-ఫ్రేములు (తర్వాతి ఫ్రేమ్ కూడా వచ్చేదాకా ఆగి కట్టే ఫ్రేములు) ఆపేయండి, అవి డిలే పెంచుతాయి. బిట్‌రేట్ తక్కువైతే ఎన్‌కోడర్ ముందు తినేసేది మట్టి, గడ్డి, చిన్న రాళ్ళ టెక్స్చర్‌నే, కానీ కళ్ళు లోతు పట్టుకునేది దాన్నుంచే. లింక్ బలహీనంగా ఉంటే బొమ్మ వెడల్పు తగ్గించడం కన్నా పైనున్న ఆకాశాన్ని క్రాప్ చేసేయడం మంచిది, అక్కడ నడిపేదేమీ లేదు.

స్టెప్ 7: డిస్‌ప్లే

కెమెరా ఎంత కోణం చూస్తోందో డిస్‌ప్లే కూడా మీ కంటికి అంతే కోణంలో చూపిస్తేనే దూరాలు సహజంగా ఉంటాయి. 60 సెంటీమీటర్ల వెడల్పు మానిటర్‌ని 60 సెంటీమీటర్ల దూరం నుంచి చూస్తే వచ్చేది 53 డిగ్రీలే. అందులో 90 డిగ్రీల వీడియో వేస్తే అన్నీ చిన్నగా, దూరంగా కనపడతాయి. మానిటరే వాడతానంటే లెన్స్‌ని 53 డిగ్రీలకి మార్చండి, అప్పుడు ఫోకల్ లెంగ్త్ 1280 పిక్సెళ్ళవుతుంది, అదే బేస్‌లైన్‌కి డిస్‌పారిటీ రెట్టింపు వస్తుంది, పక్కల కోసం మామూలు సింగిల్ కెమెరాలు విడిగా పెట్టుకోవచ్చు.

షట్టర్ గ్లాసెస్ (ఒక్కో కంటిని మార్చి మార్చి మూసే కళ్ళద్దాలు) అయితే 120 హెర్ట్జ్ స్క్రీన్ కావాలి, కంటికి 60 వస్తాయి. పోలరైజ్డ్ మానిటర్లు చాలావరకు ఒక లైన్ ఎడమ కంటికి ఒక లైన్ కుడి కంటికి ఇస్తాయి కాబట్టి నిలువు రిజల్యూషన్ సగమైపోతుంది, గొయ్యికి ఉన్నదే మూడు పిక్సెళ్ళని చెప్పుకున్నాం కదా, అందులో సగం పోతే కష్టం. ఎర్ర నీలం కళ్ళద్దాలు రంగుని పాడుచేస్తాయి కానీ ఎమర్జెన్సీకి పనికొస్తాయి: 2020లో ఇళ్ళ నుంచి పనిచేయాల్సొచ్చినప్పుడు క్యూరియాసిటీ రోవర్ టీమ్ తమ షట్టర్ గాగుల్స్ వదిలి మామూలు ఎర్ర నీలం అద్దాలతోనే మార్స్ నేలని చూసి డ్రైవ్‌లు ప్లాన్ చేశారు. కాకపోతే వాళ్ళు ఆగి ఉన్న ఫోటోలు చూసి ప్లాన్ చేసుకుంటారు, లైవ్ వీడియోకి నేనైతే సిఫార్సు చేయను.

హెడ్‌సెట్ వాడితే తల తిప్పినప్పుడు బండి మీద కెమెరా తిరిగేలా పెట్టకండి, ఆ డిలేకి వికారం వస్తుంది. వైడ్‌గా తీసి, మీ దగ్గరున్న కంప్యూటర్‌లోనే అందులోంచి వ్యూ తిప్పండి. ఇంకోటి, హెడ్‌సెట్ లెన్సుల దూరం ప్రతి ఆపరేటర్ కళ్ళకీ విడిగా సెట్ చేయాలి. స్పీడ్, బ్యాటరీ లాంటి అంకెల్ని కింద బానెట్ మీద, బానెట్ ఉన్న దూరంలోనే కనపడేలా పెట్టండి, దగ్గరున్న రాయి మీద దూరంలో ఉన్న అక్షరాలు పడితే కళ్ళు ఏది ముందో తేల్చుకోలేక అలిసిపోతాయి.

స్టెప్ 8: వాలుని స్టీరియో మీద వదిలేయొద్దు

ఇది మీ ప్రాణాల మీదకి రాకపోయినా బండికి మాత్రం పెద్ద ముప్పే. కెమెరా బండికి బిగించి ఉంటుంది కాబట్టి బండి 25 డిగ్రీలు పక్కకి ఒరిగినా ఎదురుగా ఉన్న వాలు కూడా దాంతో పాటే ఒరిగి ఉంటుంది, బొమ్మలో నేల చదునుగానే కనపడుతుంది. లోపల కూర్చుని నడిపేవాడికి ఒళ్ళే చెప్పేస్తుంది, కుర్చీలో కూర్చున్న మీకు ఏదీ చెప్పదు. స్టీరియో నేల ఆకారం చెబుతుంది, కిందవైపు ఎటో చెప్పదు. ఐఎమ్‌యూ (వంపుని కొలిచే సెన్సర్) పెట్టి రోల్ (పక్కకి ఒరగడం), పిచ్ (ముందుకీ వెనక్కీ వంగడం) అంకెలతో పాటు ఒక హొరైజన్ గీత ఎప్పుడూ కనపడేలా ఉంచండి, బండి పడిపోయే కోణంలో మూడింట రెండు వంతులు దాటగానే శబ్దం వచ్చేలా చేయండి. వీడియోని రోల్‌కి వ్యతిరేకంగా తిప్పేసి హొరైజన్‌ని ఎప్పుడూ సమంగా ఉంచే స్టెబిలైజేషన్ ఆన్ చేయకండి, ఉన్న కాస్త క్లూ కూడా పోతుంది.

స్టెప్ 9: ఆపరేటర్ కళ్ళు, సెటప్ రెండూ టెస్ట్ చేయండి

కొంతమందికి మామూలు చూపు బాగానే ఉన్నా రెండు కళ్ళతో లోతు పట్టుకునే శక్తి ఉండదు, వాళ్ళకే తెలీకపోవచ్చు. ర్యాండమ్ డాట్ స్టీరియో టెస్ట్ (చుక్కల్లో దాగిన ఆకారాన్ని రెండు కళ్ళతో పట్టుకోవాల్సిన పరీక్ష) చేయించండి. తర్వాత హోవర్డ్-డోల్మన్ పద్ధతిలో బండి ముందు 5 మీటర్ల దగ్గర రెండు కర్రలు పాతి, ఒకదాన్ని తాడుతో ముందుకీ వెనక్కీ లాగేలా పెట్టి, రెండూ ఎప్పుడు ఒకే దూరంలోకి వచ్చాయో స్క్రీన్ చూసి చెప్పమనండి. కర్రల అడుగు భాగం కనపడకుండా చూస్కోండి, లేకపోతే నేల చూసి చెప్పేస్తారు. టేపుతో కొలిచిన తప్పు స్టెప్ 2లో లెక్కేసిన పిక్సెల్ విలువ కన్నా ఎక్కువ వస్తుంటే సింకో కాలిబ్రేషనో తేడా ఉన్నట్టు. అదే టెస్ట్ బండి అక్కడే మెల్లగా కుడీ ఎడమా తిరుగుతుండగా మళ్ళీ చేయండి, సింక్ లోపం ఇక్కడ దొరికిపోతుంది.

స్టెప్ 10: నడిపేటప్పుడు

స్టీరియో దగ్గరి నేలకి, నీడలూ కదలికా దూరానికి. సూర్యుడు వెనక ఉండి నీడలన్నీ వస్తువుల వెనకే దాక్కున్నప్పుడు ఒక్క కెమెరాలో నేలంతా అచ్చు చదునుగా ఉంటుంది, అప్పుడే స్టీరియో విలువ బాగా తెలుస్తుంది. అనుమానం వస్తే ఆగి, బండిని ఒక మీటరు పక్కకి జరిపి చూడండి, ఆ కదలికలో దగ్గరివి ఎక్కువా దూరంవి తక్కువా జరుగుతాయి, గొయ్యి అంచు అప్పుడు బయటపడుతుంది. ఇసుక మెత్తగా ఉందా గట్టిగా ఉందా అన్నది మాత్రం ఏ డిస్‌ప్లే చెప్పదు, 2009లో స్పిరిట్ కూరుకుపోయింది పైన గట్టిగా కనిపించి లోపల మెత్తగా ఉన్న నేలలోనే. చక్రాల స్లిప్ (బండి కదలకుండా చక్రం ఊరికే తిరగడం) అంకె చూస్తూ ఉండండి.

ఒక లెన్స్ మీద బురద పడితే రెండు బొమ్మలూ కొట్టుకుని కళ్ళు ఒకసారి దీన్నీ ఒకసారి దాన్నీ చూస్తుంటాయి, అలా నడపడం ఒంటి కెమెరాతో నడపడం కన్నా ఘోరం. అందుకే స్టీరింగ్ మీద వేలికి అందేలా ఒక బటన్ ఉండాలి, నొక్కగానే బాగున్న కెమెరా బొమ్మే రెండు కళ్ళకీ వెళ్ళాలి, దాంతో పాటే స్పీడ్ లిమిట్ నడక వేగానికి పడిపోయేలా కంట్రోలర్‌లో ముందే సెట్ చేసుకోండి.